తూర్పు గోడ నుంచి పడమటి పిట్టగోడకు: మా ఇంటి పొద్దుతిరుగుడు పూలు

విశాఖపట్నం మధురవాడలో మా ఇంటికి తూర్పున ఉన్న కొద్దిపాటి పెరట్లో 2014 అక్టోబరు 12 వరకు ఒక పనస చెట్టు ఉండేది. ఆ రోజు హుద్‌హుద్ తుపాను దానిని వేళ్ళతో సహా పెకలించి ప్రహరీ గోడ మీద పడవేసింది. అంతవరకు మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండే ఆ చోటు, పొద్దున్న మొదలుకొని రెండు గంటల దాకా ఎండ కాసే వట్టి ఎర్రమట్టి నేలగా మిగిలిపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు దానిని పట్టించుకునే తీరిక లేదు. పదవీ విరమణ తరువాత బెండ, వంగ వేసి చూశాను కాని, వాటి కాయలు రైతు బజారులో దొరికే ధరను, నేను పోసిన నీటిని, పడిన శ్రమను పక్కపక్కన రాసుకుంటే, ముప్పై ఏళ్ళు లెక్కల పుస్తకాలతో గడిపిన నాకు ఆ పద్దు మింగుడుపడలేదు.

పొద్దుతిరుగుడు ఆలోచన మా ఆవిడది. 2023 నవంబరులో అరకు వెళ్ళినప్పుడు లోయ నిండా పరుచుకున్న పసుపు పూల చేలను చూసి, ఇంట్లో కూడా ఇలాంటివి నాలుగు మొక్కలు ఉంటే బాగుంటుందని ఆమె అన్నది. నిజానికి అక్కడ మనం చూసేవి వలిసె పూలు. చాలామంది వాటి మధ్య నిలబడి ఫొటోలు దిగి పొద్దుతిరుగుడు తోటలని చెప్పుకుంటారు కాని, రెండూ ఒకే కుటుంబానికి చెందిన నూనెగింజల మొక్కలే తప్ప ఒకటి కావు. నంద్యాలలో ఉన్న మా బావమరిదికి ఈ సంగతి చెప్పగా, అతను తన పొలంలో వేయగా మిగిలిన హైబ్రిడ్ విత్తనాలు ఒక గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి పంపాడు. నగరంలోని ఒక దుకాణంలో రంగురంగుల పూల బొమ్మ ఉన్న ప్యాకెట్ కూడా ఒకటి కొన్నాను. ఆ ప్యాకెట్‌లోని ఇరవై గింజలలో ఏడు మాత్రమే మొలిచాయి. దాని మీద విత్తనాలు నింపిన తేదీ ఉన్నదో లేదో కొనేటప్పుడు చూడకపోవడం నా తప్పు. అది లేదని మొలకలు లెక్కపెట్టిన తరువాత గాని గమనించలేదు.

మొదటి విత్తు 2024 జూన్ మూడో వారంలో, తొలకరి పడగానే వేశాను. ఈ మొక్కకు తల్లివేరు నిటారుగా లోపలికి దిగుతుంది కనుక నారు పోసి పీకి నాటితే కోలుకోవడం కష్టమని బావమరిది ముందే హెచ్చరించాడు. అందువల్ల తూర్పు ప్రహరీ గోడ వెంబడి అడుగు దూరానికి ఒక గుంట చేసి, అడవివరం వైపు ఒక పాడి రైతు దగ్గర తెచ్చిన బాగా మాగిన గెత్తం రెండేసి గుప్పిళ్ళు, వేపపిండి కొద్దిగా కలిపి, రాత్రంతా నానబెట్టిన గింజలను అంగుళం లోతున గుంటకు రెండు చొప్పున పెట్టాను. అయిదో రోజుకు మొలకలు నేలను చీల్చుకొని వచ్చాయి, ఆరో రోజుకు వాటిలో సగం మాయమయ్యాయి. పప్పు బద్దల్లాంటి ఆ రెండు తొలి ఆకులు గోరింకలకు, ఉడతలకు ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. తిరిగి గింజలు పెట్టి, లీటరు నీళ్ళ సీసాలను అడ్డంగా కోసి ఒక్కొక్క మొలక మీద టోపీలా బోర్లించాను. నాలుగు ఆకులు వచ్చిన తరువాత ఆ టోపీలు తీసివేస్తే చాలు, పక్షులు వాటి జోలికి రావు.

నెల తిరిగేసరికి మొక్కలు నడుము ఎత్తుకు వచ్చి, కొస ఆకుల మధ్య నక్షత్రంలాంటి ఆకుపచ్చని మొగ్గ కనిపించింది. అప్పటి నుంచి పూవు విచ్చే వరకు గడిచిన మూడు వారాలు నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటె ఇష్టమైన కాలం. ఉదయం ఏడు గంటలకు తూర్పున సముద్రం వైపు ఉన్న మొగ్గలు మధ్యాహ్నానికి ఆకాశాన్ని చూసి, సాయంత్రం అయిదున్నరకు మా వరండా వైపు తల వాల్చేవి. గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి మరీ చూశాను. రాత్రిపూట అవి ఏం చేస్తాయన్నది నాకు సందేహంగా ఉండి, ఒక రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు టార్చిలైటు పట్టుకొని వెళ్ళాను. ఇంకా చీకటి విడవలేదు, కాని మొగ్గలన్నీ అప్పటికే తూర్పుకు తిరిగి, రానున్న సూర్యుడి కోసం ఎదురుచూస్తున్నట్లు నిలబడి ఉన్నాయి.

దీని వెనుక ఉన్న సంగతి తరువాత చదివాను. పగటి పూట కాడకు తూర్పు పక్కన పెరుగుదల ఎక్కువగా ఉండి తలను పడమటికి నెడుతుంది. రాత్రి పడమటి పక్క ఎక్కువగా పెరిగి తిరిగి తూర్పుకు తెస్తుంది. మొక్క లోపల ఉన్న దినచర్య గడియారం దీనిని నడిపిస్తుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖ శాస్త్రవేత్తలు 2016లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. అంటే ఈ తిరుగుడు అంతా పెరుగుదల వల్ల జరిగేదే. కాడ ముదిరి పెరగడం ఆగిపోతే తిరగడం కూడా ఆగిపోతుంది, ఆగిపోయినప్పుడు పూవు తూర్పు ముఖంగా నిలుస్తుంది. మనం పెట్టుకున్న పేరు మొగ్గకు సరిగ్గా సరిపోతుంది కాని, విచ్చిన పూవుకు సరిపోదు.

ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తూర్పు గోడ దగ్గర విత్తనాలు పెట్టేవాడిని కాదు. ఆగస్టు రెండో వారంలో పదకొండు పూలు ఒకదాని వెంట ఒకటి విచ్చుకున్నాయి, పదకొండూ గోడ అవతలి ఇంటికే ముఖం పెట్టాయి. మా వరండాలో కూర్చుంటే కనిపించేవి వాటి వీపులు, అంటే పూవు వెనుక ఉండే ముతక ఆకుపచ్చని రేకులు మాత్రమే. గోడ అవతల ఒంటరిగా ఉండే మామ్మగారు రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి వాటి ఎదురుగా ముక్కాలిపీట వేసుకొని కూర్చునేది. ఒకరోజు నన్ను చూసి, "ఏటి బాబూ, పూలన్నీ మా వేపే సూస్తన్నాయి, నీకేటి మిగిలింది?" అని అడిగింది. నీళ్ళు పోసే పని మిగిలిందని చెప్పాను.

ఆ పంట పూలపరంగా అలా ముగిసింది, గింజలపరంగా ఇంకా దారుణంగా ముగిసింది. వానాకాలం ఈ మొక్కకు మన ఊళ్ళో అనువైన కాలం కాదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఆగస్టు ముసురులో కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వలయాలు వలయాలుగా లేచి పై ఆకులకు పాకాయి. అది ఆల్టర్నేరియా ఆకుమచ్చ తెగులని బావమరిది ఫొటో చూసి చెప్పాడు. నైరుతి గాలికి మూడు మొక్కలు మొదట్లోనే ఒరిగిపోయాయి. మిగిలిన తలల్లో నీరు నిలిచి వెనుకవైపు కుళ్ళు పట్టింది. పదకొండు పూల నుంచి గుప్పెడు గింజలు కూడా చేతికి రాలేదు.

రెండో విత్తుకు రెండు మార్పులు చేశాను. ఒకటి కాలం: తుపానుల బెడద కొంత తగ్గే వరకు ఆగి, నవంబరు పదో తేదీన కొన్ని, మళ్ళీ పదిహేను రోజులకు కొన్ని పెట్టాను. మొదటివి సంక్రాంతికి, రెండోవి రథసప్తమికి పూయాలన్నది లెక్క. రెండోది చోటు. పూవు ఎలాగూ తూర్పునే చూస్తుంది కనుక మొక్క మనకు పడమట ఉండాలి. మా ఇంటికి పడమట ఉన్నది ఎండ సోకని నాలుగడుగుల సందు. అందువల్ల డాబా ఎక్కాను. పడమటి పిట్టగోడ వెంబడి పన్నెండు సంచులు వరుసగా పెట్టి, డాబా మధ్యలో రెండు కుర్చీలు వేసుకుంటే, పొద్దున్న ఎండ మన వీపుకు తగులుతూ ఉండగా పూలన్నీ మనకు ఎదురుగా ఉంటాయి. ఇంత చిన్న విషయం తోచడానికి ఒక పంట నష్టపోవలసి వచ్చింది.

సంచుల విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎత్తుగా పెరిగే హైబ్రిడ్‌కు అడుగున్నర లోతు, అంతే వెడల్పు ఉన్న సంచి కావాలి. అడుగు సంచిలో పెట్టిన రెండు మొక్కలు మోకాలి ఎత్తులోనే పూసి ఊరుకున్నాయి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు గెత్తం, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి నింపాను. ఉత్త ఎర్రమట్టి వేస్తే ఎండకు ఇటుకలా బిగుసుకుపోతుంది. డాబా చెమ్మ పట్టకుండా ప్రతి సంచి కింద నాలుగు ఇటుకలు పేర్చాను. పిట్టగోడ పొడవునా రెండు వెదురు కర్రలు అడ్డంగా కట్టి, మొక్క మూడడుగులు రాగానే పాత చీర పేలికతో వదులుగా వాటికి ముడివేశాను. సంచులకు, మట్టికి, ఎరువుకు, ఆటో కిరాయికి కలిపి 2,150 రూపాయలు అయింది. మా ఆవిడ ఈ అంకెను ఇంటికి వచ్చిన బంధువులందరికీ చెప్పింది.

చీడల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. డిసెంబరులో పొగాకు లద్దె పురుగు పిల్లలు రెండు ఆకులను జల్లెడ చేశాయి. ఆ ఆకులను గుడ్ల ముద్దలతో సహా తుంచి సబ్బు నీటిలో వేశాను. పచ్చదోమకు లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట రెండుసార్లు చల్లాను. పూవు విచ్చిన తరువాత మాత్రం పురుగులకని ఏదీ చల్లలేదు, ఎందుకంటే ఆ తరువాత పని అంతా తేనెటీగలది.

ఈ పూవును దగ్గర నుంచి చూడని వారికి ఒక మాట చెప్పాలి. మనం ఒక పూవు అనుకునేది వందల పూల సమూహం. అంచున రేకుల్లా కనిపించే పసుపు కిరణ పుష్పకాలకు గింజ కట్టే శక్తి లేదు, అవి తేనెటీగలను పిలవడానికే ఉన్నాయి. రైతుల భాషలో వాటిని ఆకర్షక పత్రాలు అంటారు. మధ్యలో ఉన్న చక్ర పుష్పకాలు రోజుకు కొన్ని వరుసల చొప్పున బయటి నుంచి లోపలికి విచ్చుకుంటూ వెళతాయి. ప్రతి పుష్పకం ముందు పుప్పొడిని బయటపెట్టి, ఆ తరువాత పుప్పొడిని అందుకునే కీలాగ్రాన్ని తెరుస్తుంది. కనుక ఒక తల పూర్తిగా పూయడానికి వారం రోజులకు పైగా పట్టింది. కుర్చీలో కూర్చొని ఆ వలయం రోజురోజుకూ మధ్యకు జరగడం చూస్తూ ఉంటే తొమ్మిది గంటల ఎండ కూడా తెలియలేదు.

గింజలు అమరిన సుడులను కూడా లెక్కపెట్టాను. లెక్కల మనిషికి అది తప్పదు. ఎండిన తల మీద స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ పోతే ఒక వైపు తిరిగే సుడులు 34, ఎదురు వైపు తిరిగేవి 55 వచ్చాయి. పెద్ద తలలో 55, 89 వచ్చాయి. ముందున్న రెండు అంకెలను కూడితే తరువాతిది వచ్చే ఈ వరుసను ప్రపంచమంతా ఫిబొనాచీ పేరుతో పిలుస్తుంది. ఆయన పుస్తకం 1202 నాటిది. అంతకు ముందే, సుమారు 1150లో, జైన పండితుడు హేమచంద్రుడు ఇన్ని మాత్రలను లఘువులతో, గురువులతో ఎన్ని విధాలుగా నింపవచ్చు అని లెక్క వేస్తూ ఇదే వరుసను చెప్పాడు. బడిలో గణవిభజన చేయలేక దెబ్బలు తిన్న నాకు ఛందస్సు మళ్ళీ ఈ డాబా మీద ఎదురుపడింది.

సంక్రాంతికి రెండు రోజుల ముందు మొదటి వరుస విచ్చుకుంది. ఆరు పూలు, ఆరూ మా కుర్చీల వైపే. రెండో వరుస రథసప్తమికి, అంటే 2025 ఫిబ్రవరి 4కు సరిగ్గా అందలేదు; రెండు పూలు ముందుగానే విచ్చుకున్నాయి, మూడు ఇంకా మొగ్గలుగానే ఉన్నాయి. అయినా మా ఆవిడ ఆ రెండిటిలో చిన్నదానిని కోసి, చిక్కుడు కాయల రథం పక్కన పెట్టి పరమాన్నం నైవేద్యం పెట్టింది. ఏటా అరసవల్లి వెళ్ళి ఆ జనంలో నిలబడే బదులు ఈసారి ఇంట్లోనే సూర్యుడికి ఎదురుగా సూర్యుడి పూవును పెట్టామని ఆమెకు తృప్తి.

ఈ దశలో నాకు ఒక తెలివి పుట్టింది. పూలు సంచుల్లో ఉన్నాయి, కాడలు ముదిరి తిరగడం ఆగిపోయింది. అలాంటప్పుడు సంచినే తిప్పితే పూవు మనం కోరిన వైపు చూస్తుంది కదా. మొగ్గ దశలో ఇలా చేయకూడదని అప్పటికే అనుభవమైంది, ఎందుకంటే డిసెంబరులో ఒక సంచిని తిప్పి పెడితే ఆ మొక్క నాలుగు రోజులు ఎటు చూడాలో తెలియనట్లు తడబడింది. విచ్చిన పూవుకు ఆ ఇబ్బంది లేదు. రెండు సంచులను తెచ్చి మెట్ల గది తలుపు పక్కన, పైకి వచ్చేవారికి ఎదురుగా పడమటి ముఖంగా పెట్టాను. చూడడానికి చక్కగా ఉన్నాయి కాని, తేనెటీగలు వాటి దగ్గరకు ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి. పైన చెప్పిన డేవిస్ పరిశోధనలోనూ ఇదే తేలింది: తూర్పు ముఖంగా ఉన్న పూలు ఉదయాన్నే వేడెక్కుతాయి, పడమటి ముఖంగా తిప్పిన వాటికంటె అయిదు రెట్లు ఎక్కువగా తేనెటీగలను పిలుచుకుంటాయి. కంటికి కావలసిన పూవు వేరు, గింజకు కావలసిన పూవు వేరు అని ఆ రెండు సంచులను గింజల లెక్క నుంచి తీసివేశాను.

గింజల కోసం ఉంచిన పూలకు, ఆకర్షక పత్రాలు విచ్చుకునే దశలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి ఒకసారి చల్లాను. బోరాన్ చాలకపోతే మధ్యలో తాలు గింజలు ఎక్కువవుతాయని బావమరిది చెప్పాడు. రోజు విడిచి రోజు ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య మెత్తని గుడ్డతో ఒక పూవును మెల్లగా రుద్ది, అదే గుడ్డతో పక్క పూవును రుద్దాను. నంద్యాల వైపు రైతులు తేనెటీగలు చాలని చోట చేసే పనే ఇది. ఒక పొరపాటు మాత్రం జరిగింది. రామచిలుకలు వస్తాయన్న భయంతో ఒక పూవుకు అది విచ్చిన రోజునే దోమతెర గుడ్డ కట్టేశాను. చిలుకలతో పాటు తేనెటీగలను కూడా బయటే నిలబెట్టానన్న సంగతి నెల తరువాత ఆ తలను నలిపినప్పుడు తెలిసింది. చేట నిండా వచ్చినవి దాదాపు అన్నీ తాలే.

చిలుకలు నిజంగానే వచ్చాయి, కాని పసుపు రేకులు వాడి రాలే వరకు రాలేదు. ఫిబ్రవరి మొదటి వారం నుంచి రోజూ ఆరున్నరకు నాలుగు చిలుకలు పిట్టగోడ మీద వాలి, పూవు అంచున తలకిందులుగా వేలాడుతూ ఒక్కొక్క గింజను లాగి, పొట్టు నేర్పుగా ఒలిచి కింద పడవేసి పప్పు తినేవి. గుడ్డ కట్టవలసిన సమయం అదీ. నేను పాత పంచె ముక్కలు తెచ్చేసరికి మా ఆవిడ అడ్డుపడింది. వంట నూనె కోసం వేశామా, చూడడానికి వేశామా అన్నది ఆమె ప్రశ్న. చివరికి అయిదు తలలకు గుడ్డ కట్టి, మిగిలినవి చిలుకలకు వదిలేసేలా ఒప్పందం కుదిరింది. నిజం చెప్పాలంటే, పసుపు రేకులు రాలిపోయిన పూల మీద పచ్చని చిలుకలు వేలాడుతున్న ఆ పదిహేను రోజులూ, పూలు విరగబూసిన రోజులకంటె ఎక్కువమంది బంధువులు మా డాబా ఎక్కారు.

పూవు వెనుక భాగం ఆకుపచ్చ నుంచి నిమ్మపండు రంగుకు తిరిగినప్పుడు కోయాలి. మా మొదటి వరుస ఫిబ్రవరి మూడో వారానికి ఆ రంగుకు వచ్చింది. జానెడు కాడ ఉంచి కోసి, మెట్ల గదిలో తలకిందులుగా వారం రోజులు వేలాడదీశాను. ఆ తరువాత రెండు తలలను ఒకదానితో ఒకటి రుద్దితే గింజలు జలజలా రాలాయి. చేటతో చెరిగి తూకం వేస్తే నాలుగు మంచి తలలకు 210 గ్రాములు వచ్చాయి. నూనె మాట తలపెట్టలేదు. ఇలాంటి గింజల్లో నూనె కిలోకు 350 నుంచి 400 గ్రాముల వరకు ఉంటుంది, మన 210 గ్రాములను గానుగ వాడి ముందు పెడితే అతను నవ్వుతాడు. దోరగా వేయించి, పొట్టు తీసి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పొడి కొట్టుకున్నాము. నువ్వుల పొడి అంత కమ్మదనం లేదని నా అభిప్రాయం, ఆవిడ అభిప్రాయం వేరు.

ఒక గుప్పెడు గింజలను విత్తనానికి దాచాను. హైబ్రిడ్ నుంచి తీసిన గింజలు తల్లిలా రావని బావమరిది నవ్వాడు. అతను అన్నట్లే మళ్ళీ నవంబరులో వేసిన మొక్కల్లో ఒకటి ఆరడుగులు పెరిగితే, దాని పక్కది మూడడుగుల్లోనే మొగ్గ వేసింది, ఇంకొకటి కొమ్మలు వేసి అయిదు చిన్న పూలు పూసింది. పొలంలో ఇది నష్టం. డాబా మీద నాకు మాత్రం ఇదే బాగుంది, ఏ సంచిలో ఏది వస్తుందో తెలియకపోవడం వల్ల రోజూ పొద్దున్నే పైకి వెళ్ళాలనిపిస్తుంది.

సంక్రాంతి ముగ్గులకు రంగులు తెచ్చుకోవడానికి వచ్చిన మామ్మగారు డాబా ఎక్కి, ఈసారి పూలన్నీ మా కుర్చీల వైపు ఉండడం చూసి కాసేపు ఏమీ అనలేదు. దిగి వెళ్ళేటప్పుడు, "గోడ కాడ ఈ ఏడు ఏటీ ఎయ్యలేదేటి బాబూ?" అని అడిగింది. మరునాడు ఇంకా మొగ్గ వేయని మూడు సంచులను కిందికి దింపి తూర్పు గోడ పక్కన పెట్టాను.